ఎక్కిన గేరులోనే దిగవలెను

ప్రయాణమును ఆరంభించు విషయమున మనవారు మిక్కిలి శ్రద్ధ గలవారు. తిథివార నక్షత్రములు చూచి, వారశూల తప్పించి, శకునము కొఱకు గడపలో ఒక క్షణము నిలిచి, పెరుగన్నము మూటగట్టుకొని బయలుదేరు ఆచారము కొన్ని యిండ్లలో నేటికిని కలదు. ఆరంభమున ఇంతటి జాగరూకత వహించు మనము ముగింపును మాత్రము దానంతట అదియే వచ్చునదిగా తలంచి వదలివేయుదుము. బండి ఆగుటయే ప్రయాణము ముగియుట యని నమ్ముదుము. యజ్ఞము చేసినవాడు అవభృథస్నానము చేయనిదే యజ్ఞము పరిసమాప్తి చెందదని పెద్దలు విధించిరి. దూరప్రయాణము చేసినవాడును అట్లే, తాను చేరిన నగరమును తగిన క్రమమున, తగిన తీరికతో దర్శింపనిదే, ఆ ప్రయాణము అతని ఒంటికి అలసటగా మిగులునే గాని అతని బుద్ధికి ఆస్తిగా మిగులదు.

ఈ ముగింపును సాధించు నేర్పును నేను గ్రంథములనుండి గ్రహింపలేదు. అరకులోయనుండి విశాఖపట్టణమునకు దిగివచ్చు ఘాటు రోడ్డుమీద, ఒక లారీ ముందు గదిలో కూర్చుండి, ఒక డ్రైవరు నోట వింటిని. ఆ మాటను, దానిని నగరమున ఎట్లు ఆచరింపవచ్చునో ఆ విధమును ఈ అధ్యాయమున వివరించెదను.

దిగుడు దారి

కొన్ని సంవత్సరముల క్రిందట, వలిసెపూలు రాలిపోయి కాఫీపండ్లు ఎఱ్ఱబడి కోతకు వచ్చిన శీతకాలమున, కొండమీది వారపు సంతలలో సరుకు కొను ఒక వర్తకుని లారీలో, ఆయన అనుమతితో, నాలుగు దినములు తిరిగితిని. చింతపల్లిలో బయలుదేరి, జి.మాడుగుల, పాడేరు, హుకుంపేట, డుంబ్రిగుడల మీదుగా అరకు చేరునప్పటికి బండిలో అల్లము, రాజ్మా, గుమ్మడికాయలు, కొండచీపుళ్లు నిండినవి. ఆ నాలుగు దినములును లారీ ఎంత మెల్లగా పోయినదో నా మనస్సు కూడ అంత మెల్లగా పోయెను. ఒక్కొక్క సంతలో గంటలకొలది నిలిచి, తలమీద తట్టతో రెండు మూడు కొండలు దాటి వచ్చిన స్త్రీలు బేరమాడుట, కువి, ఆదివాసీ ఒడియా, తెలుగు భాషలు ఒకే తూకపు పళ్లెము చుట్టును కలిసిపోవుట చూచుచుంటిని. చూడవలసినది ఇంకను మిగిలియున్నదే యను చింత ఆ దినములలో నాకు ఒక్కసారియైనను కలుగలేదు.

అరకునుండి విశాఖకు సుమారు 115 కిలోమీటర్లు. సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల ఎత్తుననున్న లోయను విడిచి, సుంకరమెట్ట కాఫీతోటల నడుమనుండి పోయి, గాలికొండ దాటిన పిదప దిగుడు మొదలగును. మలుపు తరువాత మలుపుగా బండి మూలుగుచు దిగుచుండగా, ఈ తొందరలేని నడక నాకు విసుగు పుట్టించి, “దిగుడే గదా, గేరు తీసివేసి వదలినచో ఆయిలు కూడ మిగులును గదా!” అని అడిగితిని. డ్రైవరు రోడ్డుమీది చూపు మరల్పకయే ఇట్లనెను: “ఏ గేర్లో ఎక్కినామో ఆ గేర్లోనే దిగాల బాబూ. నూట్రల్ సేసి ఒగ్గీసినోడు లోయలోనే ఉంతాడు.”

ఇది ఘాటు రోడ్లమీద బండి నడుపువారందఱకును ప్రాణప్రదమైన సూత్రము. బరువుతో దిగు బండిని బ్రేకుతోనే పట్టియుంచినచో, ఆ రాపిడికి బ్రేకు డ్రమ్ములు కాగి పట్టు సడలిపోవును. తక్కువ గేరులో ఉంచినచో ఇంజనే బండిని వెనుకకు లాగి పట్టియుండును. బ్రేకు మలుపునకు, ఆపదకు మిగిలియుండును. ఎక్కునపుడు బండిని ముందుకు లాగిన బలమే దిగునపుడు దానిని అదుపున ఉంచుచున్నదన్నమాట. ఎక్కుటలో ఓర్పు చూపినవాడు దిగుటలో అంతకంటె తక్కువ ఓర్పు చూపిన చాలునని తలంచుటే ప్రమాదమునకు మూలము.

ఆ మాట చెవిన బడినదే గాని, ఆనాడు మనసున నాటలేదు. అనంతగిరి, టైడా, కాశీపట్నము, శృంగవరపుకోట, కొత్తవలస, పెందుర్తి దాటి సంధ్యవేళకు నగరము చేరగానే, డ్రైవరునకు మంచిమాటయైనను చెప్పక బండి దిగి పరుగెత్తితిని. మఱునాడు తెల్లవారుజామున ఆటో మాటలాడుకొని, రాత్రి తొమ్మిది గంటలలోపల గుడి, కొండ, మ్యూజియము, జలాంతర్గామి, దీపస్తంభము, రెండు సముద్రతీరములు, ఒక పెద్ద అంగడి, మొత్తము ఎనిమిది చోట్లు చూచితిని. ఫోనులో రెండువందల బొమ్మలు చేరినవి; మనసున ఒక్కటియు చేరలేదు. ఆ రాత్రి జ్వరముతో, నా సంచి మఱచి వచ్చితిననుకొని లారీ నిలిచిన సందునకు తిరిగిపోగా, డ్రైవరు సంచిని భద్రముగా చేతికిచ్చి, నన్ను ఎగాదిగా చూచి, “బండి నిన్ననే ఆగిపోనాది గానండి, తవరింకా ఆగనేదు” అనెను.

ఆ యెత్తిపొడుపునకు నేను నేటికిని ఋణపడియున్నాను. మఱుసటి సంవత్సరము మరల అదే కాలమున, అదే దారిని వచ్చి, ముగింపునకు మూడు దినములు కేటాయించితిని. ఈ దిగువ చెప్పు క్రమము ఆ మూడు దినముల అనుభవమునుండి పుట్టినది.

మొదటి రాత్రి

మొట్టమొదట ఒక హెచ్చరిక. సరుకు బండిలో బాడుగకు మనుషులను ఎక్కించుకొనుట చట్టము ఒప్పదు. లోడు పైన కూర్చుండి ఘాటు దిగుటయో, ప్రాణముతో ఆడుకొనుట. సంతలనుండి తిరిగివచ్చు నిరుపేదలు గతిలేక అట్లు కూర్చుండి ప్రమాదముల పాలగుదురు. గతి గలవారు దానిని వేడుకగా చేయదగదు. యజమాని సమ్మతి, ముందు గదిలో చట్టము ఒప్పిన చోటు లేనిచో, ఆర్టీసీ బస్సెక్కుడు. లేదా సొరంగములగుండ సాగు కిరండూల్ రైలెక్కుడు. ఈ అధ్యాయమునందలి ఉపదేశము ఏ బండికైనను వర్తించును.

చేరిన రాత్రి నగరమును చూడబోకుడు. దినమంతయు కుదిపిన ఇంజను చప్పుడు ఇంకను చెవులలో మ్రోగుచుండును. కొండ దిగుటవలన చెవులు దిమ్మెక్కి యుండును. కొండమీది చలికి అలవడిన ఒడలు తీరపు ఉక్కపోతకు తత్తరపడును. అట్టి స్థితిలో చూచినది కంటికి ఆనును గాని మనసునకు అంటదు. బండి ఆగిన చోటికి దాపున బస చూచుకొనుడు. నగరమునకు ఆ కొసనున్న సముద్రపు గది కొఱకు రాత్రివేళ పరుగెత్తకుడు. స్నానము, వేడి అన్నము, చారు, నిద్ర: ఆ రాత్రికి ఇంతకు మించిన కార్యక్రమము వలదు.

దానికి ముందు చేయవలసిన పని ఒక్కటి కలదు. డ్రైవరుతో, క్లీనరుతో కూర్చుండి టీ త్రాగి, ఇయ్యవలసినది ఇచ్చి, వారి ఊరేదో, ఇంటికి ఎప్పుడు పోవుదురో అడిగి, సెలవు తీసికొనుడు. మనలను క్షేమముగా దింపిన మనిషి మొగము జ్ఞాపకమున లేనిచో, ఆ దారి జ్ఞాపకమున ఉన్నదని చెప్పుకొనుట వట్టిమాట.

సరుకు వెంట

అపరిచితమైన నగరములో ఎచ్చట మొదలు పెట్టవలెనను ప్రశ్నకు మార్గదర్శక గ్రంథములు పది స్థలముల పట్టికను ఇచ్చును. లారీలో వచ్చినవానికి అంతకంటె మేలైన సమాధానము వెంటనే వచ్చియున్నది: అది బండిలోని సరుకు. మీతోబాటు కొండ దిగినది ఎచ్చటికి పోవుచున్నదో దాని వెంట నడువుడు. నగరమను మహాశరీరములో రక్తనాళములవంటి దారులు దానికి తెలిసినట్లు మఱి యెవ్వరికిని తెలియవు.

రెండవసారి నేను తెల్లవారకముందే లేచి పూర్ణామార్కెట్టునకు పోయితిని. కళాసీలు అల్లపు బస్తాలను వీపులమీద దించుచుండిరి. కాటా మీద తూకములు పడుచుండెను. పాడేరు సంతలో కిలో అల్లమునకు ఏ ధర విన్నానో అది నా చీటీలో వ్రాసియుండెను. ఇచ్చట ఏ ధర పలుకుచున్నదో దాని ప్రక్కన వ్రాసితిని. ఒక గంట తరువాత వీధి మొగలో తోపుడుబండిమీద ఏ ధరకు అమ్ముచున్నారో అదియు వ్రాసితిని. మూడు అంకెలు. వాని నడుమనున్న అంతరములో డీజిలు, డ్రైవరు కూలి, కళాసీ కూలి, దళారి కమీషను, దారిలో కుళ్లిన బస్తా, వర్తకుని లాభము, తుదకు ఆ కొండ స్త్రీ బేరములో కోల్పోయిన రూపాయి, అన్నియు ఇమిడియున్నవి. ఒక పుస్తకమంత అర్థశాస్త్రమును మూడు అంకెలలో చదువవచ్చునని నాకు ఆనాడు తెలిసెను.

అల్లమువలెనే కొండ దిగి వచ్చు ఇతర వస్తువులను గూడ వెంబడింపుడు. కాఫీని చూడుడు: సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియపు తీగల సరసన, గిరిజన రైతులు చిన్న చిన్న కమతములలో పండించు అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించెను, 2017లోనే ఆ కాఫీ పేర పారిస్ నగరమున ఒక అంగడి వెలసెను. 1956లో ఏర్పడి, విశాఖనే కేంద్రముగా చేసికొన్న గిరిజన సహకార సంస్థ దుకాణమునకు పోయినచో తేనె, కుంకుడు, చింతపండు, కాఫీపొడి ఒకే అరమీద కనబడును. సంతలో బస్తాగా చూచినదానిని నగరమున పొట్లముగా చూచినపుడు, ఆ రెంటి నడుమ ఎన్ని చేతులు పనిచేసినవో ఊహించుట మంచి అభ్యాసము.

మీరు దిగిన ఘాటును చుట్టి వచ్చు రైలుదారిని తలచుకొనుడు. బైలడిల్లా ఇనుపరాయిని జపాను దేశమునకు పంపు నిమిత్తము 1960వ దశకమున ఈ తూర్పుకనుమలను తొలిచి కొత్తవలస–కిరండూల్ మార్గమును వేసిరి. అరకునకు యాత్రికులను తెచ్చు రైలు ఇనుపరాయికై వేసిన పట్టాలమీదనే నడచుచున్నది. ఆ ఖనిజమును మోయు పెద్ద నౌకలు నిలుచుటకై విశాఖ రేవునకు వెలుపలి నౌకాశ్రయము అమరెను. అది 1976లో పనిచేయ నారంభించెను. కొండలోని రాయికిని కడలిలోని ఓడకును గల ఈ చుట్టరికము తెలిసినవానికి, రేవున ఎఱ్ఱని ధూళి కప్పిన గట్టు వికారముగా తోచదు; అర్థవంతముగా తోచును.

ఇంతకంటె సూక్ష్మమైన సరుకు మఱొకటి: నీరు. బొఱ్ఱా గుహల చెంత కనబడు గోస్తనీ నది, విశాఖకు త్రాగునీరందించు జలాశయములలో ఒకటియగు తాటిపూడికి చేరి, మిగిలిన నీటితో భీమునిపట్నము వద్ద సముద్రమున కలియుచున్నది. హోటలులో సర్వరు తెచ్చి పెట్టు గ్లాసులో మీరు నిన్న దాటివచ్చిన కొండయే ఉండవచ్చును. త్రాగుటకు ముందు ఒక క్షణము దానిని చూచినవాడు, నగరము తనంతట తానే బ్రదుకుచున్నదను భ్రమనుండి విముక్తుడగును.

ఎత్తునుండి ఒకసారి

రెండవ దినము ఏదైన ఎత్తైన చోటు ఎక్కుడు. కైలాసగిరి అందఱును ఎఱిగినదే. ఉదయము ఎనిమిది లోపల పోయినచో ఎండయు, జనమును తక్కువ. అచ్చట బొమ్మలు తీసికొనుటకు ముందు, అర్ధగంటసేపు నగరము ఆకారమును చదువుడు. దక్షిణమున సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన డాల్ఫిన్స్ నోస్ కొండను గుర్తింపుడు. దాని చాటున రేవు. రేవు చుట్టు పాతపట్టణము. ఉత్తరమున భీమిలివఱకు తీరము వెంట సాగిన బాట.

ఎక్కడ ఏమున్నదో తెలిసికొనుట చాలదు. అది అక్కడనే ఏల ఉన్నదో అడుగవలెను. ఆ ఒక్క కొండ అలలకు, గాలికి అడ్డుగా నిలిచినందున మేఘాద్రిగెడ్డ కలియు బురదనేలను త్రవ్వి నౌకాశ్రయము చేయగలిగిరి. 1933 డిసెంబరు 19న దానిని లాంఛనముగా ప్రారంభించిరి. రేవు ఉన్నందుననే 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు ఈ పట్టణముపై బాంబులు వేసినవి. రేవు ఉన్నందుననే ఓడలు కట్టు కర్మాగారము వచ్చి, 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ చేతులమీదుగా ‘జల ఉష’ నీటికి దిగెను. రేవు, రైలు, నీరు ఉన్నందుననే 1966లో ఉక్కు కర్మాగారము కొఱకు తెలుగువారు ఉద్యమించిరి. దూరదేశపు యుద్ధము, స్వతంత్రభారత పరిశ్రమ, ప్రజల ఆందోళన, అన్నియు ఒక కొండ ముక్కునుండి అల్లుకొని వచ్చినవి. ఒక్క కారణమును పట్టుకొన్నవానికి పది సంవత్సరములు వాటంతట అవియే జ్ఞాపకముండును. పది సంవత్సరములను వేఱువేఱుగా వల్లించినవానికి ఒక్కటియు నిలువదు.

సముద్రము ఇచ్చినదానిని ఎట్లు వెనుకకు అడుగునో కూడ ఆ యెత్తునుండియే తెలియును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఇచ్చటనే తీరము దాటి, నగరపు చెట్లను వేళ్లతో పెకలించెను. నేడు మీకు నీడనిచ్చు చెట్లలో ఎన్నో ఆ తరువాత నాటినవే. అదే గాలి కొండలమీదికి పోయి అరకు కాఫీతోటలకు నీడనిచ్చు వృక్షములనుగూడ కూల్చినదని నాకు పాడేరు సంతలో ఒక రైతు చెప్పెను.

ఒక పేట, ఒక పని

మూడవ దినమున చూడవలసినది ఒక్క పేట, ఒక్క పని. ఇది వినుటకు సులభమైనను ఆచరించుటకు మిక్కిలి కష్టము. మిగిలినవన్నియు తప్పిపోవునను భయము మనలను వెన్నాడును. నిజమునకు ఒక నగరమును పూర్తిగా చూచినవాడు లేడు. అందు పుట్టినవాడును చూడలేదు. తప్పిపోవుట అనివార్యమని ఒప్పుకొన్నవాడే చూచుటకు అర్హుడు.

పేట కావలసినచో పాతపట్టణమునకు పోవుడు. కురుపాము మార్కెట్టు దగ్గఱ దిగి కాలినడకన రేవువైపు సాగినచో, ఇరుకు సందులు, పెంకుటిండ్లు, ప్రక్కప్రక్కనే మూడు గుట్టలమీద గుడి, మసీదు, చర్చి కనబడును. శ్రీశ్రీ 1910లో పుట్టినది ఈ పట్టణముననే. రావిశాస్త్రి వకీలుగా కోర్టు వరండాలలో నిలిచి, పేదల మాటను కథలుగా మలచినది ఈ పట్టణముననే. వారి పుస్తకమొకటి ముందుగా చదివి వచ్చినవానికి, సందులోని మాటల యాస సంగీతమువలె వినబడును.

పని కావలసినచో చేపల రేవునకు తెల్లవారుజామున పోవుడు. మరపడవలు తెచ్చిన సరుకు వేలము వేయు వేగము, మంచుగడ్డలు పగులగొట్టు చప్పుడు, తట్టలెత్తు జాలరి స్త్రీల బేరము చూచినపుడు, కొండసంతయు కడలిసంతయు ఒక తల్లి బిడ్డలని తోచును. అడ్డు రాకుండ ఒక మూల నిలుచుండుడు. అడుగనిదే ఎవ్వరి బొమ్మయు తీయకుడు.

యంత్రములయందు ఆసక్తి గలవారు బీచి రోడ్డుమీది ‘కుర్సుర’ జలాంతర్గామిలోనికి పోవుడు. 1969నుండి 2001వఱకు నౌకాదళమున పనిచేసి, 2002లో మ్యూజియముగా మారిన ఆ ఇనుపపెట్టె పొడవు 91 మీటర్లు. అందు డెబ్బదియైదుగురు బ్రదికిరి. లారీ ముందు గదిలో ముగ్గురము మోకాళ్లు తగులుచుండ నాలుగు దినములు గడిపిన నాకు, ఆ అరలవంటి పడకలు చూచినపుడు కలిగిన గౌరవము, కారులో వచ్చియున్నచో కలిగెడిది కాదు. ప్రయాణములో పడిన ఇబ్బందియే చూచునపుడు కన్నుగా మారును. ఆ ఇబ్బందిని ఒక్క రాత్రి సుఖముతో మఱచిపోకుడు.

ఈ మూడు దినములును నగరపు బస్సులలో తిరుగుడు. ఫోనులోని దారిపటము ఉపయోగకరమే. కాని దానిని దారి సరిచూచుకొనుటకు ఉంచి, దారి అడుగుటకు మనుషులను ఉంచుకొనుడు. “అమ్మా, జగదాంబకు ఏ బస్సు?” అని అడిగినచో బస్సు నంబరుతోబాటు, ఏ స్టాపులో దిగకూడదో, ఎక్కడ భోజనము బాగుండునో, మీరే ఊరివారో అన్నియు మాటలోనికి వచ్చును. ఇది ఫోను చేయలేని ఉపకారము.

కొండవైపు చూపు

నగరమును చూచునపుడు కొండను తక్కువ చేయుటయు, కొండను తలంచి నగరమును నిందించుటయు రెండును అజ్ఞానమే. మనము వేడుకకు దిగిన ఈ దారి కొండవారికి చిరకాలము అవసరపు దారి. జబ్బు ముదిరినచో పాడేరునుండియో అరకునుండియో కింగ్ జార్జి ఆసుపత్రికి రావలెను. 1923లో తెఱచిన ఆ ఆసుపత్రియే వారిలో అనేకులు మొదట చూచు నగరము. కలెక్టరు కచేరిలో అర్జీ పెట్టవలెనన్నను ఈ మలుపులన్నియు దిగి రావలసియుండెను. 2022 ఏప్రిల్ 4న పాడేరు ముఖ్యపట్టణముగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడిన పిదప ఆ దూరము తగ్గినది. 1926లో స్థాపితమై, 1930లో వాల్తేరునకు వచ్చిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆవరణమున కొండబిడ్డలు పుస్తకములతో కనబడినపుడు, వారికిని ఇది మొదటి మహానగరమే యని గుర్తుంచుకొనుడు.

అందువలన ఒక చిన్న పరీక్ష చెప్పెదను. నగరములో చూచిన ప్రతి వింతను, “దీనిని కొండమీది ఆ సంతలో కూర్చున్న అవ్వకు ఎట్లు చెప్పుదును?” అని మీలో మీరు ప్రశ్నించుకొనుడు. ఆమెకు అర్థమగునట్లు చెప్పగలిగినచో మీకు అర్థమైనట్లే. చెప్పలేకపోయినచో, మీరు చూచినది మెఱుగు మాత్రమే.

పద్దు

చెన్నపట్టణపు సుప్రీంకోర్టున దుబాసిగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరెను. ఆ పదునైదు నెలలును మజిలీ మజిలీకి దూరము, దొరకు వస్తువులు, నీటి వసతి, జనుల నడవడి తప్పక వ్రాసియుంచినందుననే నేటికిని మనము ‘కాశీయాత్ర చరిత్ర’ను ఆధారముగా చూచుచున్నాము. ఆయన వ్రాసినది అలంకారముల కొఱకు కాదు. తరువాత వచ్చువానికి ఉపయోగపడవలెనని.

మీరును అట్లే దినమునకు ఒక పుట వ్రాయుడు. ఆ పుటలో మూడు పద్దులు చాలును: ఒక ధర, ఒక దూరము, ఒక మాట. ధర మీకు లోకవ్యవహారమును చెప్పును. దూరము నేలను చెప్పును. ఎవరో ఒకరు అన్న మాట, వారన్న యాసలోనే వ్రాసినచో, మనిషిని చెప్పును. వర్ణనలు తరువాత వ్రాసికొనవచ్చును. ఈ మూడును ఆనాడు వ్రాయనిచో మఱి దొరకవు.

చివరి సాయంకాలము సముద్రమునకు పోవుడు. అవభృథమని నేను మొదట అన్నంత మాత్రమున మునుగబోకుడు. రామకృష్ణా బీచి వద్ద లోపలి ప్రవాహము మోసము చేయును. ఏటేట అచ్చట ప్రాణములు పోవుచున్నవి. పాదములు తడియునంత నీటిలో నిలిచి, అలకు కాళ్లక్రింది ఇసుక జారిపోవుట అనుభవించినచో చాలును. గాలికొండ మీద మంచులో మొదలైన దారి, నేల యనునది ఇక లేని ఈ చోట తీరినది.

అభ్యాసము

ఈ అధ్యాయమును చదివినవారు ప్రయాణము కొఱకు వేచియుండ నక్కఱలేదు. మీరు ప్రతిదినము పోవు దారిలోనే ఒక వస్తువును ఎన్నుకొని, పాలపొట్లము గానిండు, మల్లెమూర గానిండు, అది ఎచ్చట పుట్టి, ఎవ్వరి చేతులు మాఱి, ఏ ధరలు పలికి మీ ఇంటికి వచ్చినదో ఒక వారములో కనిపెట్టి వ్రాయుడు. మీ ఊరిలోనే ఎత్తైన చోటొకటి ఎక్కి, ఊరు అక్కడనే ఏల వెలసినదో ఒక్క కారణము కనుగొనుడు. ఇంటికి చేరిన ప్రతి సాయంకాలము, బండి ఆపిన పిదప ఒక పది నిమిషములు ఏ పనియు పెట్టుకొనక కూర్చుండుడు. ఈ మూడును అలవడినవానికి ఏ ఆసియా మహానగరమైనను, సింగపూరు గాని, బ్యాంకాకు గాని, భయమును కలిగింపదు.

ఉద్యోగమున, చదువున, వ్యాపారమున కూడ మనము ఎక్కుటకే శిక్షణ పొందుచున్నాము. సంవత్సరములకొలది ఓర్పుతో కట్టిన పనిని చివరి వారమున గేరు తీసివేసి వదలి, లోయలో పడవేసినవారిని మనమందఱమును ఎఱుగుదుము. బరువుతో నున్నవానికి దిగుడు దారియే పరీక్ష. ఆ పరీక్షకు ప్రయాణముకంటె చవుకైన పాఠశాల లేదు.

కనుక తదుపరి ప్రయాణమునకు సెలవుచీటీ వ్రాయునపుడు, పోవుటకును వచ్చుటకును పట్టు దినములతోబాటు, ముగింపునకై మఱి మూడు దినములు ముందుగానే కలిపి వ్రాయుడు. అడుగనివానికి ఆ మూడు దినములను ఏ అధికారియు తనంత తానుగా ఇయ్యడు.